రీస్టార్ట్ చిట్కా మరీ అంత తీసిపారేసేదా?

ప్రశ్న: కంప్యూటర్ నెమ్మదించిందని పత్రికలు తిరగేస్తే 'ప్లగ్ పెట్టారో లేదో చూడండి', 'రీస్టార్ట్ చేయండి' అనే చిట్కాలే! వీటికి పత్రిక కావాలా?
– ఒక పాఠకుడు, గౌనిపల్లి, కోలార్ జిల్లా

జవాబు: కంప్యూటర్ పత్రికకు ప్రతి నెలా కొత్త పాఠకులు చేరుతుంటారు, నిన్ననే మౌస్ పట్టినవారికీ అది ఉపయోగపడాలి. పేజీ నింపడానికి వేసేవీ లేకపోలేదు. ప్లగ్ చిట్కాకు నవ్వుకోవచ్చు, రీస్టార్ట్ సంగతి వేరు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ తన స్థితిలో కొంత డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. పాత చిక్కులూ వెంటే రావచ్చు. రీస్టార్ట్ చేస్తే అంతా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. చిట్కా రాసేవారు ఈ కారణం చెప్పకపోవడమే అసలు లోపం.

మీ కంప్యూటర్‌లోనూ ఇలాగే జరుగుతోందా అని చూడటం తేలికే: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర 'అప్ టైమ్' చూడాలి. రోజూ రాత్రి ఆపుతున్నా అక్కడ రోజుల లెక్క కనిపిస్తే, వెంటనే రీస్టార్ట్ చేయాలి. ఆ తర్వాతా మందకొడిగానే ఉండి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే నిలిస్తే, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించడం మేలు.

డిస్క్ టకటకమన్నా, కాలిన వాసన వచ్చినా కరెంటు తీసేసి శ్రీనివాసపురంలోనో చింతామణిలోనో నమ్మకమైన మెకానిక్‌కు చూపించాలి. అంతవరకు మళ్లీ ఆన్ చేయకూడదు.