ఐదు కుర్చీల ఆటవెలది

పద్యం నోటికి రాకముందే ప్రతిపదార్థం, తాత్పర్యం, గణవిభజన వరుసగా వెంటపడితే ఏ పిల్లవాడికైనా మొహం మొత్తుతుంది. ఆ వరుసను తిరగేసి చూడండి. ముందు చేతులకు పని చెప్పి, తర్వాత పద్యం అల్లించి, సూత్రాల పేర్లు ఆఖరున చెప్పండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు నాలుగైదు పీరియడ్లు సరిపోతాయి. కావలసినవి రెండు రంగుల అట్టముక్కలు, ఒక స్కెచ్ పెన్ను, ఐదు కుర్చీలు.

ఛందస్సుల్లో ఆటవెలదిని పట్టుకోండి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, ఏ అక్షరం ఎక్కడుండాలో ముందే ఖరారు, పైగా ప్రాస. కందం చూడ్డానికి పొట్టిదే గానీ నియమాల పుట్ట. ఆటవెలదికి ప్రాస పట్టింపు లేదు, గణాల్లో కావలసినంత వెసులుబాటు. వేమన ఊరికే దాన్ని పట్టుకోలేదు. పిల్లల కోసం కరుణశ్రీ ‘తెలుగుబాల’నూ, నార్ల చిరంజీవి ‘తెలుగుపూలు’నూ ఆటవెలదుల్లోనే రాశారు.

మొదటి రోజు పుస్తకాలు మూయించి, హాజరు పట్టీ తెరవండి. పేరులో పొట్టిగా పలికే ప్రతి అక్షరానికీ ఒక చిటిక. దీర్ఘమైనా, పక్కన సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా, తర్వాతి అక్షరం ఒత్తుదైనా ఒక చప్పట్టు. హర్షిత అంటే చప్పట్టు, చిటిక, చిటిక. రమ్య దగ్గర తగాదా వస్తుంది: ‘ర’ పొట్టిదే కదా, చప్పట్టెందుకు? జవాబు చెప్పొద్దు. ‘రమ’ అని ఒకసారి, ‘రమ్య’ అని ఒకసారి పైకి అనిపించండి. ఒత్తు మీదికి వెళ్లేముందు నాలుక ‘ర’ను ఎలా ఊని పలుకుతుందో వాళ్లే కనిపెడతారు. గురువు, లఘువు అన్న మాటలు ఇవాళ ఎత్తకండి.

రెండో రోజు అట్టలు. పసుపు అట్టల మీద మేక (చప్పట్టు, చిటిక) లాంటివీ, చిలుక (మూడు చిటికలు) లాంటివీ రాయాలి. అంతే, ఇంకే మూసా అక్కడికి రాకూడదు. ఎర్ర అట్టలకు ఆరు మూసలు. ఒక్కోదానికి ఒక్కో మాట బోర్డు మీద రాసి పెట్టండి: మిడతలు, చెరువులో, అరగంట, చేపలు, పావురం, తాబేలు. పిల్లలు తమకు తోచిన మాటను చిటికెలతో కొలిచి, ఏ మూసకు సరిపోతే ఆ అట్ట మీద ఎక్కిస్తారు. కాసేపటికి ‘పరీక్ష’ ఏ అట్టకూ ఎక్కడం లేదని ఎవరో ఒకరు పట్టేస్తారు. క్లాసంతా ఎంత సంబరపడుతుందో చెప్పనక్కర్లేదు. ‘మొబైలు’దీ అదే గతి. ‘ఫోను’ అయితే పసుపు అట్టకు చక్కగా సరిపోతుంది.

ఇక కుర్చీలు. ఐదింటినీ వరుసగా వేసి, మొదటి మూడింట్లో పసుపు అట్టలవాళ్లనూ, చివరి రెండింట్లో ఎర్ర అట్టలవాళ్లనూ కూర్చోబెట్టండి. అది ఒకటో పాదం. రెండో పాదానికి ఐదుగురూ పసుపువాళ్లే. మూడోది ఒకటోదానిలా, నాలుగోది రెండోదానిలా. తర్వాత ఇంకొక్క షరతు: ఒకటో కుర్చీ, నాలుగో కుర్చీ చుట్టాలు. వాళ్ల మొదటి అక్షరాల్లో హల్లు ఒకటే ఉండాలి, అచ్చులూ దగ్గరివి కావాలి. అ, ఆ, ఐ, ఔ ఒక ఇల్లు. ఇ, ఈ, ఎ, ఏ ఒకటి. ఉ, ఊ, ఒ, ఓ ఇంకొకటి. యతిలో ఇంకా చాలా ఉంది గానీ ఈ వయసుకు ఇంతే చాలు. చుట్టరికం కుదిరేదాకా పిల్లలు కుర్చీలు మారుతూనే ఉంటారు. చివరికి ఇలాంటిది తేలుతుంది:

చీమ మేక నెమలి చేపలు పావురం
కోడి కాకి పిల్లి కుక్క చిలుక

అర్థం లేదు, నడక ఉంది. నా లెక్కన గట్టిగా నిలబడాల్సిన చోటు ఇదే. తొందరపడి ‘నీతి ఏమిటి?’ అని అడిగారంటే ఆట అక్కడితో ఆగిపోతుంది.

నడక చెవికి పట్టాక వాక్యం. మాట ఒక కుర్చీలో ఇమడకపోతే రెండు కుర్చీల మీదికి సాగవచ్చని ఇప్పుడు చెప్పండి. ‘ఇక పరీక్ష’ అంటే ‘ఇకప’ ఒక కుర్చీ, ‘రీక్ష’ పక్క కుర్చీ. పరీక్షకు చోటు దొరికిందని కొందరు నిట్టూరుస్తారు, పట్టించుకోకండి. విషయం మాత్రం చెట్లు, తల్లిప్రేమ లాంటివి ఇవ్వొద్దు, వ్యాసం మాటలే వచ్చి పడతాయి. మధ్యాహ్న భోజనం గంట ఇవ్వండి. అప్పుడు ఇలా వస్తుంది:

గంట మోగగానె గబగబ పరుగులు
పళ్లెమొకటి పట్టి పంక్తిలోకి
గుడ్డు తినని వాడి గుడ్డుకై పోటీలు
పప్పు మిగిలిపోయె పాప మటులె

ఆఖరి పాదంలో ‘అటులె’ కుర్చీ నింపడానికి వచ్చిన మాటే. రానివ్వండి. పెద్ద కవులూ పాదపూరణకు ఇలాంటివి వాడినవాళ్లే.

నాలుగు పాదాలూ కుదరక చతికిలబడే పిల్లలకు మకుటం ఉంది. ‘నల్లబల్ల మాట నవ్వుమూట’ వంటిది క్లాసు మొత్తానికీ ఒక్కటి ఖాయం చేస్తే నాలుగో పాదం బెంగ తీరిపోతుంది, మూడు పాదాలు రాస్తే పద్యమే. తలా మూడు రాస్తే 35 మంది క్లాసులో 105 పద్యాలు, అంటే శతకం. గోడపత్రికకు ఎక్కించేముందు ప్రతి పద్యాన్నీ రాసినవాళ్లే పాడాలి. రాగం వాళ్లిష్టం, నాటకం పద్యంలా సాగదీసినా సరే, సినిమా బాణీ అయినా సరే. గణం తప్పిన చోట గొంతు తడబడుతుంది కాబట్టి తప్పును ఎర్ర సిరాతో చుట్టాల్సిన పని మీకు ఉండదు.

ఇప్పుడు పేర్లు చెప్పండి: చప్పట్టు గురువు, చిటిక లఘువు, పసుపు అట్ట సూర్యగణం, ఎర్ర అట్ట ఇంద్రగణం, చుట్టరికం యతి. గణవిభజన, ప్రతిపదార్థం కూడా రాయించండి. కాకపోతే పాఠంలోని పద్యానికి కాదు, పక్కవాడి పద్యానికి. తాత్పర్యం తేడాగా రాస్తే, ‘నేను అలా అనలేదురా’ అని నిలదీయడానికి కవి అదే బెంచీలో ఉంటాడు.