ఇంటి యంగములు: బరువు దారియు, నీటి దారియు

దేహమునకు ఎముకలును కీళ్లును ఉన్నట్లే యింటికిని అంగములు గలవు. వాని పేళ్లు మన పెద్దలందరికిని దెలియును. కాని యొక్కొక్క యంగ మేల యున్నదో, అది చెడినచో నేమగునో విచారించువారు కొద్దిమంది. టేక్మాలు మొదలగు మెదకు సీమ గ్రామములలో మట్టిగోడలమీద గూనపెంకులు పరచిన పాతయిండ్లు నేటికిని అక్కడక్కడ గలవు. వాని సరసనే సిమెంటు ఇండ్లు లేచుచున్నవి. రూపములు వేరైనను ఈ రెండింటికిని ధర్మ మొక్కటియే: బరువును నేలకు దింపవలెను, నీటిని దూరముగా పంపవలెను. ఈ రెండు దారులను గూర్చి విద్యార్థులకు ఇచ్చట కొంత వివరింతుము.

మొదట బరువు దారిని చూతము. పెంకుల బరువు వెదురుబద్దలమీదను, బద్దల బరువు వాసములమీదను, వాసముల బరువు దూలముమీదను పడును. దూలము దానిని స్తంభములకును గోడలకును అప్పగించును. గోడ పునాదికిని, పునాది గట్టినేలకును దించును. ఇందులో ఏ యొక్కటి తన పని మానినను పైనున్నవన్నియు క్రిందికి వచ్చును. కావున అంగడి పెట్టుటకో, గది పెద్దది చేయుటకో గోడను తొలగింపదలచినవారు, ఆ గోడ దేనిని మోయుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

దూలము పని తెలియుటకు ఒక పచ్చిపుల్లను తీసికొని, రెండు కొనలను రాళ్లపై నుంచి, నడుమ వ్రేలితో నొక్కుడు. పుల్ల పైభాగము ముడుచుకొనును. అడుగుభాగము సాగి విచ్చును. కొయ్య ఈ రెండింటిని ఓర్చుకొనును. రాయియు, కాంక్రీటును నొక్కుడుకు ఓర్చునుగాని లాగుడుకు ఓర్వవు. అందుచేతనే సిమెంటు దూలములో అడుగున ఇనుపకడ్డీలు వేయుదురు. గోడనుండి బయటికి వచ్చిన సజ్జకు మాత్రము లాగుడు పైవైపున గలుగును. కావున కడ్డీలు పైవైపుననే యుండవలెను. పోతపోయునప్పుడు పనివారి కాళ్లక్రింద ఆ కడ్డీలు అణగి అడుగునకు దిగినచో, సజ్జ చూపునకు గట్టిగా నుండియు ఒకనాడు విరిగిపడును.

గోడలో ద్వారము విడిచినచోట పైబరువును మోయుటకు రెండు మార్గములు గలవు. మన యిండ్లలో దర్వాజపైని అడ్డముగా కొయ్యనో రాతినో పెట్టుదురు. రెండవది కమాను. మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన దేవాలయమును మీలో పెక్కురు చూచియుందురు. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు ఎత్తు 175 అడుగులు. అందలి కొనదేరిన కమానులలో ప్రతి రాయియు ప్రక్కరాతిని నొక్కుచు బరువును ఇరువైపులకు మరలించును. కమాను ప్రక్కలకు త్రోయును గనుక దానికి బలమైన గోడలును స్తంభములును ఆనికగా నుండవలెను.

ఇక నీటి దారి. ఎండిన మట్టిగోడ తరతరములు బరువు మోయగలదు. అదే మట్టి నానినచో తన బరువును తానే మోయజాలదు. కావుననే పెద్దలు గోడ అడుగును రాతితో కట్టిరి. చూరును ముందుకు సాచిరి. ఏటేట గోడలను మట్టితో మెత్తి, పేడతో అలికిరి. ఇవన్నియు అందముకొరకే గాదు, నీటిని తప్పించుటకును చేసిన పనులు. మట్టిగోడకు సిమెంటు పూత పూసినచో గట్టిపడునని కొందరు తలంతురు. ఆ పూత బీటలువారినచో నీరు లోపలికి దిగి, బయటికి ఆరిపోవు దారిలేక గోడను లోలోన నానబెట్టును. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది యిండ్లను కూల్చెను. మన గ్రామములలో గోడ కూలుటకు అంత వరద అక్కరలేదు. నాలుగు దినముల ముసురు చాలును. వాన వెలసిన పిమ్మట గూడ నానినగోడ కూలవచ్చును. రాత్రివేళ కూలినచో దానిప్రక్క నిద్రించువారి ప్రాణములు పోవును.

కాబట్టి మృగశిర కార్తెకు ముందే విద్యార్థులు తలిదండ్రులతో కూడి తమ యింటిని ఒకమారు చుట్టి చూడవలెను. జారిన పెంకులను సరిచేయవలెను. గోడ మొదట నీరు నిలువకుండ కాలువ తీయవలెను. దూలము గోడలో దూరినచోట చెదలు పట్టెనేమో కొట్టి చూడవలెను. డొల్లగా మ్రోగినచో మేస్త్రిని పిలువవలెను. గోడ పొట్టవలె ఉబ్బినను, క్రొత్తగా బీట వెడల్పగుచున్నను, దాని దాపున ఎవరును పండుకొనరాదు. పశువులను గూడ కట్టరాదు. ఇల్లు కట్టుటకు ధనము కావలెను గాని, ఇంటిని కనిపెట్టి చూచుకొనుటకు కావలసినది కన్నులును కొంచెము శ్రద్ధయు మాత్రమే. అవి పేదయింటను గలవు.