దుంప లిల్లీలు ఆకు వేసి పూయకపోవుటకు కారణములు

ఫాల్గుణము దాటి ఎండ ముదురుచుండగా పెరటిలోని చాల మొక్కలు వాడుముఖము పట్టును. సరిగా ఆ దినములలోనే ఎర్ర లిల్లీ దుంప నుండి బోలుగా ఉండు ఒక లావుపాటి కాడ లేచి, దాని కొసన రెండు మొదలు నాలుగు వరకు పెద్ద పూలు విచ్చుకొనును. నర్సరీలవారు దీనిని ఎమరిల్లిస్ అందురు. శాస్త్రములో దీని పేరు హిప్పియాస్ట్రమ్. పుట్టినిల్లు దక్షిణ అమెరికా అయినను మన ఎండలకు బాగుగా అలవాటు పడినది. ఒకసారి నాటిన దుంప ఏండ్ల తరబడి నిలిచి, పిల్లలు పెట్టుచు పోవును. అయినను చాల ఇండ్లలో వినవచ్చు మాట ఒకటే: “ఆకు ఏపుగా వచ్చుచున్నది గాని, పూవు మాత్రము రాదు.” ఇందుకు దుంప జాతి చెడ్డదని తలచి పీకి పారవేయువారు కలరు. జాతిలో లోపముండుట అరుదు. మనము చూచు తీరులోనే లోపము ఉండును.

ఉల్లి పండించు రైతునకు దుంప నిర్మాణమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఉల్లిగడ్డను నిలువునా కోసి చూడుడు. ఆ పొరలన్నియు ఆకుల మొదళ్లే. ఆకులు ఎండలో తయారు చేసిన ఆహారమును ఆ మొదళ్లలో దాచుకొనుట వలన అవి లావెక్కినవి. లిల్లీ దుంప కూడ ఇట్టిదే. అయితే ఉల్లికి లేని గుణమొకటి దీనికి కలదు. లిల్లీ దుంప లోపల సుమారు నాలుగు ఆకులు పుట్టిన తరువాత ఒక పూమొగ్గ పుట్టును. మరల నాలుగు ఆకులు, మరల ఒక మొగ్గ. ఈ మొగ్గ పుట్టిన వెంటనే బయటకు రాదు. దుంపలోనే సుమారు ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పెరిగి, అటుపిమ్మట కాడ వేయును. కావున ఈ చైత్రమున మీరు చూచు పూవు నిరుటి వర్షాకాలపు ఆకుల సంపాదన. ఈ వానలలో ఆకు ఎంత నిలిచినదో, వచ్చే వసంతమున పూవు అంత.

ఈ సంగతి తెలియక జరుగు నష్టమే అన్నింటికంటె పెద్దది. పూవు రాలిన తరువాత ఆకులు పొడవుగా పెరిగి, దారికి అడ్డముగా వాలి, చూచుటకు అందముగా ఉండవు. పండుగకు వాకిలి శుభ్రము చేయునపుడు వాటిని కొడవలితో మొదటికి కోయుదురు, లేదా జడ వలె అల్లి ముడి వేయుదురు. రెండును కూడదు. కోసిన ఆకు మరల వచ్చుటకు దుంపలోని నిలువ ఆహారమే ఖర్చగును. రెండుసార్లు కోసిన దుంప చిక్కి, రెండేండ్ల వరకు పూయకపోవచ్చును. వాడిన పూలను, వాటి వెనుక కట్టు కాయలను మాత్రము గిల్లి వేయుడు. విత్తనము కావలెనన్న తప్ప కాయను ఉంచుట దండుగ. పూకాడ పచ్చగా ఉన్నంత కాలము దానిని ఉంచుటయే మేలు, అది కూడ ఆకు చేయు పనిలో కొంత చేయును.

రెండవ కారణము నీరు. నీరు తక్కువై కాదు, ఎడతెగక ఉండుటయే. లిల్లీలను తరచు నూతి గట్టు చెంతనో, అంట్లు తోము నీరు పారు చోటనో నాటుదురు. అచ్చట ఏడాది పొడుగునా తడి ఉండుటచే దుంపకు విశ్రాంతి దొరకక ఆకుల మీద ఆకులు వేయుచునే ఉండును. ఉల్లి కోతకు ముందు కొన్ని దినములు నీరు ఆపుట మీకు అలవాటే. లిల్లీకి ఆ విరామము ఇంకను ఎక్కువ కావలెను. మార్గశిరము మొదలు, అనగా డిసెంబరు నుండి ఎనిమిది పది వారములు నీరు పెట్టకుడు. ఆకులు పసుపుబారి వాటంతట అవే వాలిపోవును. అట్లు పండిన ఆకులను తీసివేయవచ్చును. కొన్ని ఆకులు పచ్చగానే నిలిచినను చింత లేదు, నీరు ఆపిన చాలును. ఫిబ్రవరి చివర, మొగ్గ ముక్కు దుంప పక్కగా కనిపించగానే ఒక మంచి తడి ఇచ్చి, తరువాత మన్ను పైన ఆరిన పిమ్మటనే మరల నీరు పెట్టవలెను. ముక్కు చదునుగా, కొస గుండ్రముగా ఉన్నను ఒక్కొక్కప్పుడు ఆకే కావచ్చును. లావుగా, ఈటె మొన వలె ఉన్నచో అది పూకాడ.

నాటు లోతు విషయమున కూడ పొరపాట్లు జరుగుచున్నవి. ఎమరిల్లిస్ దుంపను ఆలుగడ్డ వలె పాతరాదు. మెడ, దానితోపాటు దుంపలో పై మూడవ వంతు మన్ను పైకి కనబడునట్లు నాటవలెను. దుంపకు దుంపకు ఒక అడుగు ఎడము చాలును. ఎర్రచెలక నేలలు దీనికి మేలు. నల్లరేగడిలో అయినచో నేలను అర అడుగు ఎత్తు మడిగా చేసి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటుడు. పచ్చి పేడ తగిలిన దుంప కుళ్లును. ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగులు చోటు కావలెను. మామిడి చెట్టు క్రింద ఆకు బాగుగా వచ్చును గాని పూవు రాదు. పూవు రాలేదని యూరియా చల్లువారు కలరు. అది ఆకునే పెంచును. వానలు మొదలైనప్పుడు దుంప ఒక్కింటికి గుప్పెడు చివికిన ఎరువు, చెంచాడు ఎముకల పొడి మన్నులో కలిపిన చాలును.

పిల్ల దుంపలు తల్లి చుట్టు గుమిగూడి ఒకదానినొకటి నొక్కుకొన్నపుడు ఏదియు పూయదు. మూడు నాలుగేండ్లకొకసారి, విశ్రాంతి కాలములో త్రవ్వి విడదీయుడు. వేళ్లను కోయవలదు. సుమారు మూడు అంగుళముల అడ్డుకొలత గల దుంపలు వచ్చే వేసవికే పూయును. చిన్న పిల్లలకు రెండు మూడేండ్లు ఓర్పు కావలెను.

ఇక శీతల దేశపు దుంపల మాట. ఫోనులో బొమ్మలు చూచి ట్యూలిప్, హయసింత్ దుంపలు తెప్పించువారు ఇటీవల పల్లెలలో కూడ కలరు. శ్రీనగరులో దాల్ సరస్సు దగ్గర 2007లో తెరచిన ట్యూలిప్ తోట మార్చి చివర నుండి సుమారు నెల దినములు కన్నుల పండువుగా ఉండును. అచ్చటి చలిని కూడ చూడవలెను గదా. ట్యూలిప్ దుంపలో కాడ సాగుటకు పన్నెండు వారములకు పైగా తొమ్మిది డిగ్రీలకు లోపు చలి కావలెను. హైదరాబాదులో జనవరి రాత్రులే సాధారణముగా 14, 15 డిగ్రీలు ఉండును, పగలు 28 దాటును. ఉల్లి విత్తనమునకు గడ్డలను కార్తీకములో నాటుట కూడ ఇందుకే, కొంత చలి తగిలినగాని పూకాడ రాదు. ఉల్లికి మన చలి సరిపోవును, ట్యూలిప్‌కు సరిపోదు. పన్నెండు వారములు ఫ్రిజ్‌లో ఉంచి నాటిన ఒకసారి పూయవచ్చును. ఆ పెట్టెలో మాగిన పండ్లు ఉంచరాదు, వాటి నుండి వచ్చు వాయువు మొగ్గను చంపును. మరుసటి ఏడు మాత్రము ఆ దుంప మన నేలలో పూయదు. ముచ్చట తీర్చుకొనుటకైతే సరే, అంతకు మించి సొమ్ము వెచ్చించుట నాకు సమ్మతము కాదు.

ఆ సొమ్ముతో నేలసంపెంగ దుంపలు కొనిన నాలుగు కాసులు తిరిగి వచ్చును. అంగడిలో లిల్లీ పూలని అమ్మునవి ఇవే, ఎర్ర లిల్లీతో వీటికి సంబంధము లేదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో నాటిన మూడు నెలలకు కాడ వేయును. దీని నడత వేరు. ఒకసారి పూచిన దుంప మరల పూయదు, దాని పిల్లలు పూయును. కావున పిల్లలు బలియుటకు ఆకు ఇచ్చట కూడ ముఖ్యమే. దండలకు ఒంటిరేకు రకములు, అందు బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రజ్వల్, శృంగార్ మంచివి. వంగ, టమాటా వేసి తీసిన మడిలో వేరుబుడిపె పురుగు నిలిచి ఉండును, అట్టి చోట నాటవద్దు.

వానలలో ఎర్ర లిల్లీ ఆకులకు నల్లని ఒంటిపై తెల్లని చుక్కలు, ఎర్రని మచ్చలు గల గొంగళిపురుగులు పట్టి, రెండు మూడు దినములలో మొదటి వరకు కొరికివేయును. అనగా కొడవలి చేయు పనినే చేయును. ఉదయమున ఆకు అడుగు చూచి, కిరోసిను కలిపిన నీటిలోనికి దులిపివేయుడు. ఒకటి రెండు మొక్కలకు మందు కొట్టనక్కరలేదు.

ఒక ప్రమాదము కలదు. ఎర్ర లిల్లీ దుంప పైకి ఉల్లిగడ్డ వలెనే కనబడును గాని విషము. తిన్నవారికి చొల్లు, వాంతులు, విరేచనములు కలుగును. పశువులకు, మేకలకు కూడ హానియే. త్రవ్విన దుంపలను వంటయింటిలోగాని, ఉల్లి నిలువ చేయు చోటగాని ఎన్నడును ఉంచరాదు. వేరు గోనెసంచిలో కట్టి, పేరు వ్రాసిన చీటీ తగిలించి, పిల్లలకు అందని ఎత్తున వ్రేలాడగట్టుడు. ఎవరైనను పొరపాటున తిన్నచో ఆ దుంప ముక్కను కూడ వెంట తీసుకొని ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను.