జొన్నగిరి బండ, మన పిల్లల డిగ్రీ చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ప్రతి విచారణలోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఇక ఏం చదివించాలి?" ఇంజనీరింగు, నర్సింగు, బి.కాం., టీచరు ట్రైనింగు అందరికీ తెలిసిన దారులు. ఇప్పుడు కొందరు పిల్లలు మరో పేరు చెబుతున్నారు. మాస్ కమ్యూనికేషన్ అనో, జర్నలిజం అనో, విజువల్ కమ్యూనికేషన్ అనో అంటున్నారు. అది విన్న పెద్దలకు రెండు అనుమానాలు కలుగుతాయి. "అంటే టీవీలో మాట్లాడడమా?" అన్నది ఒకటి. "దానితో ఇల్లు గడుస్తుందా?" అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి సమాధానాలు ఈ వారం వరుసగా చూద్దాం.

బండ మీది మొదటి పాఠం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వారికి జొన్నగిరి అనగానే వజ్రాలు గుర్తొస్తాయి. ఆ ఊరికి దగ్గరలోనే, అదే తుగ్గలి మండలంలో, ఎర్రగుడి వద్ద అశోక చక్రవర్తి వేయించిన శాసనాలున్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి ఆ బండలను 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. అశోకుని దక్షిణ రాజధాని సువర్ణగిరి మన జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఆ శాసనాల్లో ఒకదాన్ని చెక్కిన తీరు విచిత్రంగా ఉంటుంది. కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, వాటి పక్క పంక్తులు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. మడక తోలే రైతు చేను చివర ఎద్దులను మళ్లించి రెండో సాలు వేసినట్టన్నమాట. చెక్కినవాడికి అది సులువుగా ఉండవచ్చు. చదివే పండితులకు మాత్రం అది చిక్కు తెచ్చిపెట్టింది. రాసేవాడి సౌకర్యం వేరు, చదివేవాడి సౌకర్యం వేరు. కమ్యూనికేషన్ విద్యార్థి మొదట నేర్చుకోవలసింది ఇదే.

మరో విశేషం కూడా ఉంది. రాజు మాటను బండమీద చెక్కించి ఊరుకోలేదు. రాజుకుడనే అధికారి భేరి మోగించి జనపదంలోని ప్రజలకు దాన్ని చాటాలని ఆ శాసనమే చెబుతుంది. ఏనుగులెక్కేవారు, లేఖకులు, గురువులు తమ తమ వారికి బోధించాలని కూడా ఆదేశిస్తుంది. చదువు రానివాడికి రాయి ఏం చెబుతుంది? అందుకే భేరి కావలసి వచ్చింది. ఎవరికి చెప్పాలి, ఏ సాధనంతో చెప్పాలి, విన్నవారికి అర్థమైందా అన్న మూడు ప్రశ్నలే నేటికీ ఈ చదువుకు పునాది.

డిగ్రీలో ఏం చెబుతారు?

కమ్యూనికేషన్ డిగ్రీ చదివిన ప్రతివారూ టీవీ తెరమీదికి రారు. వార్త సేకరించడం, రాయడం, దిద్దడం, రేడియో కార్యక్రమం తయారుచేయడం, ఫొటో, వీడియో తీసి కూర్చడం, ప్రకటనలు, ప్రజా సంబంధాలు, పత్రికలకు సంబంధించిన చట్టాలు, నీతి నియమాలు, అనువాదం ఇందులో ముఖ్యమైన పాఠాలు. మూడేళ్ల డిగ్రీ తరువాత నాలుగో ఏడు చదివి ఆనర్సు పొందే అవకాశం నేడు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది.

ఈ చదువు ఎలా పనికొస్తుందో మన ప్రాంతం ఉదాహరణతోనే చూడండి. జూన్‌లో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాలు వెదకడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఫలానావారికి లక్షల విలువైన రాయి దొరికిందని వార్త వెలువడుతుంది. ఆ రాయిని చూసిందెవరు? తూచిందెవరు? ధర కట్టిందెవరు? వ్యాపారి చెప్పాడా, లేక పక్కవారు చెప్పుకొన్నారా? వారం రోజులు వెదికి ఉత్త చేతులతో తిరిగివెళ్లినవారు ఎంతమంది? ఇవన్నీ అడిగి రాసినదే వార్త. అడగకుండా రాసినదాన్ని నమ్మి ఒక కూలి కుటుంబం పనులు మానుకుని, అప్పుచేసి బస్సెక్కితే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

పుకారు మరింత ప్రమాదకరం. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో అబద్ధపు సందేశాలు పాకాయి. అమాయకులను చితకబాదారు, కొన్నిచోట్ల ప్రాణాలు కూడా పోయాయి. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఉన్న జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, ఆ సందేశాలు అబద్ధమని ఇంటింటా చెప్పించారు. జానపద పాటలు కట్టించారు, డప్పుతో చాటింపు వేయించారు. అశోకుని భేరి, గద్వాల డప్పు చేసిన పని ఒక్కటే: ప్రజలకు తెలిసిన సాధనంతో, తెలిసిన భాషలో అవసరమైన మాటను చేర్చడం. ఆ విద్యను పద్ధతిగా నేర్పేదే ఈ డిగ్రీ.

శ్రీసభ కూడా ఈ రంగాన్ని తేలికగా చూడలేదు. ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సమాచార సాధనాలపై ప్రత్యేక పత్రం వెలువరించింది. 1967నుంచి ఏటా ప్రపంచ సమాచార సాధనాల దినం జరుపుకొంటున్నాం. 2018లో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆ దినానికి ఎంచుకున్న అంశం నకిలీ వార్తలే.

ఎక్కడ చదవవచ్చు?

విజయవాడ ఆంధ్ర లొయోల కళాశాల, హైదరాబాదు బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, సికింద్రాబాదు ఆల్వాల్‌లోని లొయోల అకాడమీ, చెన్నై లొయోల కళాశాల ఈ రంగంలో డిగ్రీ కోర్సులు నడిపిన క్యాథలిక్ సంస్థలు. కోర్సుల పేర్లు, ఫీజులు, ప్రవేశ పద్ధతి మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెప్పించుకుని చూడండి.

దూరం పంపే స్తోమత లేకపోతే దిగులు పడవలసిన పనిలేదు. ఈ విద్యలో పి.జి. చేయడానికి చాలాచోట్ల ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954నుంచి ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా ఈ విద్య నేర్పుతున్నాయి. ఆదోనిలోనో కర్నూలులోనో తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం వంటివి తీసుకుని బి.ఏ. పూర్తిచేసి ఆ తరువాత అక్కడికి వెళ్లవచ్చు. ఊరి సంగతులు, లెక్కలు, చట్టం తెలిసిన విలేకరికి అది లోటు కాదు, బలం. పెద్ద తెలుగు దినపత్రికలు కూడా డిగ్రీ చేసినవారికి పరీక్ష పెట్టి, నెలనెలా భృతి ఇస్తూ తమ జర్నలిజం పాఠశాలల్లో శిక్షణ ఇస్తూ వచ్చాయి.

ఇల్లు గడుస్తుందా?

ఉన్నమాట చెప్పుకోవాలి. నర్సింగులాగా ఈ చదువు ఒకే ఉద్యోగానికి తిన్నగా తీసుకుపోదు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన తరువాత మండలానికో విలేకరి అవసరమయ్యాడు. కాని మండల విలేకరులలో చాలామందికి నెలజీతం లేదు, అచ్చయిన వార్తను బట్టి వచ్చే కొద్దిపాటి డబ్బే. ఒక్క పత్రికనే నమ్ముకుని ఈ చదువులో చేరకండి. ఆకాశవాణి, ప్రభుత్వ సమాచార పౌరసంబంధాల శాఖ, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రకటనల సంస్థలు, అనువాదం, అధ్యాపక వృత్తి కూడా ఈ చదువుకు తగిన చోట్లే. రెండు భాషలు బాగా వచ్చినవారికి గిరాకీ ఎక్కువ. ఆదోని వైపు పిల్లలకు తెలుగుతోపాటు కన్నడం చెవికి అలవాటే. దానికి ఇంగ్లీషు చేర్చి మూడింటినీ తప్పులు లేకుండా రాయగలిగితే పని వెతుక్కుంటూ వస్తుంది.

ఈ పని చేయడానికి పెద్దింటి పుట్టుక అక్కరలేదు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభించారు. విత్తనాలు, పంటలు, ఆరోగ్యం, పాటలు అన్నీ తమ యాసలోనే ప్రసారం చేశారు. యంత్రాలు నడిపిందీ వారే. కూలి, సేద్యం చేసుకుని బతికే ఆడవారు ఇంత చేస్తే, మూడేళ్లు చదివిన మన అబ్బాయి, అమ్మాయి ఎంత చేయవచ్చో ఆలోచించండి. పత్తి ధర, కూలి రేటు, వలస కార్మికుల కష్టం, ఎమ్మిగనూరు మగ్గాల పరిస్థితి గురించి వివరంగా, నిజంగా రాసేవారు మనకు కావాలి.

ఇంట్లో కలిసి ఆలోచించడానికి

1. మా అబ్బాయికి, అమ్మాయికి ఎదుటివారు చెప్పేది ఓపికగా వినే అలవాటు ఉందా? బాగా మాట్లాడడం కంటే ఇది ముఖ్యం.

2. రోజూ చదివే అలవాటు ఉందా? తెలుగులో ఒక పేజీ తప్పులు లేకుండా రాయగలరా?

3. ఫీజు, హాస్టలు, కెమెరా, కంప్యూటరు ఖర్చు మూడేళ్లకు ఎంతవుతుంది? కాలేజీలో స్టూడియో, ప్రయోగ పత్రిక ఉన్నాయా? చదివి వెళ్లినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?

4. ఈ ఆదివారం ఒకే సంఘటనను రెండు పత్రికల్లో చదివి, తేడాలు రాసి చూడండి. ఫోన్లో వచ్చిన ఒక సందేశం ఎక్కడ పుట్టిందో వెదకండి.

నాలుగో పని మీ పిల్లలు ఇష్టంగా చేసి, చివరిదాకా వదలకపోతే, ఈ చదువు వారికి సరిపోతుందని ధైర్యంగా అనుకోవచ్చు. వీలు చూసుకుని పిల్లలను ఎర్రగుడికి కూడా తీసుకెళ్లండి. ఆ బండ ముందు కూర్చోబెట్టి, ఆ రోజుల్లో అక్షరం రానివారికి రాజు మాట ఎలా చేరిందో వారినే చెప్పమనండి.