దారి తేలకపోయినా దరఖాస్తు ఆపొద్దు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చి హన్మకొండ సుబేదారిలో లా చదివే పిల్లల్ని చివరి సెమిస్టర్‌లో ఒకటే గుబులు పట్టుకుంటుంది. జడ్జి పరీక్షా, హైదరాబాద్‌లో లా ఫర్మా? అది తేలేదాకా ఫర్మ్‌కు పెట్టాల్సిన దరఖాస్తు పక్కన పెడతారు. ఈలోగా గడువు దాటిపోతుంది.

అలా ఆగాల్సిన పనే లేదు. రెండు దారులకూ మొదటి మెట్టు బార్ కౌన్సిల్‌లో నమోదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడేళ్లను ప్రొవిజనల్ నమోదు తేదీ నుంచే లెక్కించాలంది. ఖర్చుకూ భయపడక్కర్లేదు. జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోరాదని 2024 జులైలో అదే కోర్టు తేల్చింది.

అందుకే దరఖాస్తులో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అడిగే గడిని ఖాళీగా వదలొద్దు. 'ఆరో సెమిస్టర్ రాస్తున్నాను. ఫలితాలు రాగానే తెలంగాణ బార్ కౌన్సిల్‌లో నమోదు చేసుకుంటాను, తర్వాత వచ్చే అఖిల భారత బార్ పరీక్ష (ఏఐబీఈ) రాస్తాను' అని రాయండి. ఐదేళ్ల కోర్సు వాళ్లకైతే అది పదో సెమిస్టర్. రాయని పరీక్ష పాసైనట్టు మాత్రం ఎక్కడా చూపించకండి.

అసలు జాగ్రత్త ఆఫర్ లెటర్ దగ్గర కావాలి. చాలా ఫర్మ్‌లు అసోసియేట్లను ఉద్యోగులుగా కాకుండా రిటైనర్ పద్ధతిలో తీసుకుంటాయి. కానీ కంపెనీ లీగల్ విభాగంలో జీతం మీద పూర్తికాలపు ఉద్యోగిగా చేరితే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రాక్టీస్ ఆపేయాలి. జడ్జి ఆశ ఉన్నవాళ్లు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి. ప్రాక్టీస్ చేసినట్టు పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని న్యాయాధికారి ధ్రువీకరించాలి. ఫర్మ్‌లో చేరినా వకాలత్‌లో మీ పేరు ఉండేలా, కోర్టుకు వెళ్లేలా చూసుకోండి.

ఇక దరఖాస్తులో అనుభవం గడి. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. 2022 జూన్‌లో మన మూడు జిల్లాలకూ జిల్లా కోర్టులు వచ్చాయి కాబట్టి అది ఇంటి దగ్గరే చేయొచ్చు. మహబూబాబాద్‌లో పోడు పట్టాల కాగితాలు, భూపాలపల్లిలో సింగరేణి భూసేకరణ పరిహారం, జనగామలో పాస్‌బుక్ తప్పుల దిద్దుబాటు. వీటిలో మీరు ఏ ఫైల్ చదివారో, ఏ పిటిషన్ డ్రాఫ్ట్ చేశారో రాయండి. భూమి టైటిల్ పరిశీలన హైదరాబాద్ ఫర్మ్‌లకు రోజూ ఉండే పని. పహాణీ చదవగలిగిన పిల్లాడి విలువ వాళ్లకు తెలుసు.

'జడ్జి పరీక్ష వస్తే వెళ్లిపోతావా?' అని ఇంటర్వ్యూలో అడిగితే దాచకండి. ఆలోచన ఉందని, ఈ మూడేళ్లూ మాత్రం మనసుపెట్టి పనిచేస్తానని చెప్పండి.