పాలిష్ యంత్రం ఎంపిక: కొత్త శిష్యునికి లేఖ

చిట్యాల



కారు పెయింటు మీది సన్నని గీతలను, మచ్చలను పోగొట్టి పాత మెరుపు తెచ్చే పనిని షెడ్లలో రబ్బింగ్ పాలిష్ అంటారు. ఆ పని చేపట్టదలచినవాడు యంత్రాల ధరలు విచారించక ముందే, యంత్రం కింద అరిగే పొర ఎంత పలుచనిదో తెలుసుకోవాలి. కార్ఖానాలో వేసిన పెయింటులో తుప్పును ఆపే పూత, ప్రైమర్, రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉంటాయి. ఇవన్నీ కలిసి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు, అంటే ఎక్కువలో ఎక్కువ మిల్లీమీటరులో ఏడో వంతు కాగా, అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేదీ ఆ పొరలోనే. పాలిష్ చేస్తే గీత పూడిపోదు. గీత అడుగు ఎంత లోతున ఉందో అంతవరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్ అరిగి సమమవుతుంది, అలా అరిగినది మళ్లీ రాదు. అందువల్ల ఒక యంత్రం ఎంత వేగంగా కోస్తుందన్నదానికంటే, చేయి తప్పినప్పుడు ఎంత నష్టం చేస్తుందన్నదే ఎంపికకు అసలు గీటురాయి.

చిట్యాల వంటి ఊరికి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒకప్పుడు 9వ నంబరుగా ఉండి ఇప్పుడు 65వ నంబరైన హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి ఊరి మీదుగానే సాగుతుంది, చుట్టూ ఉన్నది గ్రానైటు నేల. ఆ రాయి అరిగి లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. మోస్ కాఠిన్య కొలతలో వాటి స్థానం 7, అంటే గాజును సైతం గీయగల గట్టిదనం. డ్రైవరు పొద్దున్నే పొడిగుడ్డతో బానెట్ తుడిచినప్పుడల్లా ఆ రేణువులు క్లియర్ కోట్ మీద వేల గీతలు గీస్తాయి. గీతలు అన్ని దిక్కులకూ ఉన్నా, వెలుగును కంటివైపు మళ్లించేవి మాత్రమే కనబడటం వల్ల, టార్చి వేసి చూస్తే అవి దీపం చుట్టూ సాలెగూడులా అల్లుకున్నట్టు తోస్తాయి. ఇక నీటి మచ్చల సంగతి: మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది గానీ, ఎండలో ఆరిన బండి మీద తెల్లటి చుక్కలు మిగిల్చేవి ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు.

యంత్రాలలో పాతది రోటరీ. దీని ప్లేటు ఒకే ఇరుసు మీద, దాదాపుగా నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల వరకు తిరుగుతుంది. ఎంత ఒత్తినా ఆగదు, లోతైన గీతను త్వరగా తీస్తుంది. అయితే ఒకే చోట రాపిడి కేంద్రీకృతమై వేడి పుట్టడం వల్ల, డోరు అంచుల దగ్గర, బానెట్ మీది గట్ల దగ్గర, పొర సహజంగానే పలుచగా ఉండే ఆ చోట్ల, క్షణాల్లో ప్రైమర్ బయటపడవచ్చు. చేయి కుదరనివాడు దీన్ని వాడితే గీతలు పోయినా వాటి స్థానంలో హోలోగ్రాములు, అంటే ఎండలో కదిలే నీడల్లా కనబడే యంత్రపు జాడలు మిగులుతాయి. బండిని అప్పగించేటప్పుడు షెడ్డు నీడలో ఇవి కనబడవు. మర్నాడు యజమాని రోడ్డెక్కాక కనబడతాయి.

రెండోది డ్యుయల్ యాక్షన్, పనివాళ్ల నోట డీఏ. ఇందులో ప్లేటు తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకు జరిగిన ఇరుసు వల్ల చిన్న వలయంలో ఊగుతుంది. ఆ వలయపు వ్యాసాన్ని త్రో అంటారు. ప్లేటు తిరుగుడుకు గేరు బలం ఉండదు కనుక గట్టిగా ఒత్తినా, వంపు మీద వంకరగా పెట్టినా తిరగడం మాని ఊగుతూ ఉండిపోతుంది. తొందరపడేవాళ్లు దీన్ని బలహీనత అంటారు, నిజానికి నేర్చుకునేవాని పెయింటును కాపాడేది ఈ గుణమే. ప్లేటు అంచున నల్ల మార్కరుతో ఒక గీత గీస్తే, అది తిరుగుతున్నదో ఆగిందో పని మధ్యలోనే తెలుస్తుంది. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ చేసే ఎక్స్‌సీ 3401 వంటివి మూడో రకం. 8 మిల్లీమీటర్ల త్రోతో ఊగుతూనే గేరు బలంతో తిరుగుతాయి కాబట్టి వంపు మీదా ఆగవు, అయితే అదురు ఎక్కువ.

డీఏలో 8 మిల్లీమీటర్ల త్రో ఉన్నది నిదానంగా కోస్తుంది. ఇటలీ కంపెనీ రూపెస్ ప్రచారంలోకి తెచ్చిన 21 మిల్లీమీటర్లది వ్యాను పైకప్పు వంటి విశాలమైన చోట హాయిగా సాగినా, చిన్న కార్ల వంపుల మీద మాటిమాటికీ ఆగుతుంది. చిట్యాల షెడ్డుకు వచ్చేవాటిలో చిన్న కార్లే ఎక్కువ గనుక 15 మిల్లీమీటర్ల త్రో, 5 అంగుళాల ప్లేటు ఉన్నది తీసుకోవడం మేలు. డీఏ లోపలి ఎదురుబరువును దాని ప్లేటుకు తగ్గట్టు తూచి అమరుస్తారు కాబట్టి, వేరే సైజు ప్లేటు బిగిస్తే అదురు పెరిగి బేరింగు పాడవుతుంది. ఒత్తిడి పడినా వేగం నిలిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉందో లేదో, స్పేర్లు హైదరాబాదులో దొరుకుతాయో లేదో కొనకముందే అడగాలి.

యంత్రానికి పెట్టే సొమ్ములో కొంత మిగిల్చి పెయింటు మందం కొలిచే గేజి కొనాలి. అది మొత్తం మందాన్నే చూపుతుంది, క్లియర్ కోట్‌ను విడిగా చూపదు, ప్లాస్టిక్ బంపరు మీద మామూలు గేజి పనిచేయదు. అయినా ఒక డోరు 120 చూపి పక్క డోరు 300 చూపితే అక్కడ మళ్లీ పెయింటు పడిందని తెలిసిపోతుంది. ఏ బండి మీదనైనా ముందు రెండు జానల చోట, మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టి చూడాలి. గీతలు పోకపోతేనే గట్టి ప్యాడుకు, ఎక్కువగా కోసే కాంపౌండుకు పోవాలి. ప్యానెల్ మీద చేయి ఆనించలేనంత వేడి ఉంటే పని ఆపాల్సిందే, వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిచిన బండిని అసలే ముట్టకూడదు.

డబ్బు చాలక నాలుగంగుళాల గ్రైండరుకే పాలిష్ ప్యాడ్ బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది, అడాప్టర్లు కూడా అమ్ముతున్నారు. ఇనుము కోయడానికి చేసిన ఆ గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. వేగం తగ్గించే మీట చాలావాటికి ఉండదు, అంత వేగానికి ఫోమ్ ప్యాడ్ తయారు కాలేదు. అది కొనడం కన్నా డీఏకు సరిపడా డబ్బు కూడేవరకు బండ్లను చేత్తోనే పాలిష్ చేయడం మంచిది.