సూట్‌కేసులో స్విమ్ సూట్ పెట్టేముందు



సెలవుల్లో ఎక్కడికి వెళ్తున్నారని క్లాసులో అడిగితే ఈసారి సింగపూర్, దుబాయ్, ప్యారిస్ అనే జవాబులు చాలా వచ్చాయి. అమెరికాలో బాబాయి ఇంటికి, ఆస్ట్రేలియాలో అత్తయ్య ఇంటికి వెళ్తున్నవాళ్లూ ఉన్నారు. అక్కడ ఏం చేస్తారంటే మాత్రం వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా ఒకటే మాట: స్విమ్మింగ్ పూల్! అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు.

పాస్‌పోర్టులు, వీసా, ఇన్సూరెన్స్, పచ్చడి సీసాల ప్యాకింగ్... ఇవన్నీ నెల ముందు నుంచే చూసుకుంటాం. ఈత బట్టలు మాత్రం చివరి రాత్రి, ఇంట్లో ఏవి కనబడితే అవి పెట్టేస్తాం. బాబుకు మోకాళ్ల దాకా వచ్చే షార్ట్స్, పాపకు లెగ్గింగ్స్, టీ షర్టు. తీరా అక్కడికి వెళ్లాక, టికెట్ కొన్న తర్వాత, గేటు దగ్గర మనిషి తల అడ్డంగా ఊపితే పిల్లల ముఖం ఎలా ఉంటుందో ఊహించండి. పదేళ్ల పిల్లకు ఆ క్షణంలో "నా బట్టలు రూల్ ప్రకారం లేవు" అని అర్థం కాదు. "నాలోనే ఏదో తప్పుంది" అనిపిస్తుంది. అదొక్కటి జరగకుండా చూడాలనే ఇంత రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి

పూల్ దగ్గర ఘాటు వాసన రాగానే "క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి" అనుకుంటాం. అది శుభ్రతకు గుర్తు కాదు. మన చెమటలో, మూత్రంలో ఉండే యూరియా, అమ్మోనియా లాంటి పదార్థాలతో క్లోరిన్ కలిస్తే క్లోరమైన్లు తయారవుతాయి. ఆ వాసన, కళ్ల మంట, దగ్గు చాలావరకు వాటి వల్లే. లోపలికి ఎంత మురికి వెళ్తే అంత క్లోరిన్ దానితోనే ఖర్చైపోతుంది. క్రిముల్ని చంపడానికి మిగిలేది తక్కువ. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలుంటే ఈ కెమిస్ట్రీ వాళ్ల చేతే చెప్పించండి, ఇష్టంగా చెబుతారు.

ఈ ఒక్క విషయం తెలిస్తే ప్రపంచంలో సగం పూల్ రూల్స్ అర్థమైపోతాయి. ముందు షవర్ చెయ్యమనడం అందుకే. రోడ్డు మీద తిరిగిన బట్టలతో దిగొద్దనడం అందుకే. కాటన్ వద్దనడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. నూలు పోగులు ఫిల్టర్లలో చేరతాయి. తడిసిన కాటన్ బరువెక్కి, ఈత సరిగ్గా రాని పిల్లల్ని కిందికి లాగుతుంది. మన దగ్గర వాటర్ పార్కుల్లో నైలాన్ డ్రెస్ అద్దెకు తీసుకోమని పట్టుబట్టేది వ్యాపారం కోసమే అని చాలామంది విసుక్కుంటారు కానీ, దాని వెనక ఉన్న లెక్క ఇదే. చంటిపిల్లలకు మామూలు డైపర్ కాకుండా స్విమ్ డైపర్ అడిగేదీ ఇందుకే. మామూలు డైపర్ పూల్ నీళ్లు పీల్చుకుని బంతిలా ఉబ్బుతుంది, లోపల ఆపాల్సినదాన్ని ఆపదు.

ఫ్రాన్స్‌లో మగపిల్లలకే చిక్కు

ఈత బట్టల గొడవ అనగానే మనకు ఆడపిల్లలే గుర్తొస్తారు. ఫ్రాన్స్‌లో ముందు ఆగిపోయేది మాత్రం మన నాన్నలు, బాబులు. అక్కడి మున్సిపల్ పూల్స్‌లో మగవాళ్లు ఒంటికి అతుక్కునే పొట్టి ట్రంక్స్ వేసుకోవాలి. వదులుగా వేలాడే షార్ట్స్, బెర్ముడాలు కుదరవు. అది కొత్తదే, ఈతకోసమే కొన్నదే అన్నా ఒప్పుకోరు. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ఆ షార్ట్స్‌తో పొద్దున్నుంచి పార్కులో కూర్చోవచ్చు, బస్సెక్కవచ్చు, జేబుల్లో ఏమైనా పెట్టుకోవచ్చు. బిగుతు ట్రంక్ వేసుకుని ఎవరూ బజారుకు వెళ్లరు కదా, కాబట్టి అది పూల్‌కే పరిమితం. ప్యారిస్ మున్సిపల్ పూల్స్‌లో తలకు క్యాప్ కూడా తప్పనిసరి. ఇలా చిక్కుకునేవాళ్లు ఎంతమందంటే, చాలా పూల్స్‌లో ట్రంక్స్, క్యాపులు అమ్మే మెషీన్లే పెట్టేశారు. ధర ఎక్కువ, సైజులు తక్కువ. ఇక్కడే కొనుక్కుని వెళ్లడం నయం.

పన్నెండేళ్ల అబ్బాయికి బిగుతు ట్రంక్ వేసుకోమంటే ఎంత సిగ్గో మనకు తెలుసు. విమానం దిగాక కాదు, ఇంట్లోనే ఒకసారి వేసుకుని అద్దంలో చూసుకోమనండి. అక్కడ పూల్‌లో ఉండే ప్రతి మగవాడూ, తాతయ్యలతో సహా, అదే వేసుకుంటాడని చెప్పండి. తొడల దాకా వచ్చే బిగుతు రకాన్ని కూడా చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఆ పూల్ వెబ్‌సైటులో బొమ్మలతో చూపిస్తారు, ముందే చూసుకోండి.

హోటల్ పూల్స్ వేరు. వాటి రూల్స్ ఆ హోటలువే, చాలావరకు సడలింపు ఉంటుంది. నేను చెబుతున్నది ఊరందరూ వెళ్లే పబ్లిక్ పూల్స్ గురించి.

జడ, కొబ్బరినూనె, క్యాప్

ఇటలీ, దక్షిణ కొరియా, జపాన్... ఈ దేశాల్లో పబ్లిక్ పూల్‌కు వెళ్తే స్విమ్ క్యాప్ ఉండాల్సిందే అనుకుని బయల్దేరండి. గుండు చేయించుకున్న నాన్నకు కూడా క్యాప్ ఎందుకని అడగకండి. రూల్ అందరికీ ఒకటే.

ఇక్కడ మన ఇళ్ల సమస్య ఒకటుంది. నడుము దాకా జడ ఉన్న అమ్మాయికి మామూలు క్యాప్ పట్టదు. బలవంతంగా లాగితే వెంట్రుకలు పీక్కుపోయి ఏడుపు, ఆ రోజంతా మూడ్ పాడు. పొడుగు జుట్టు కోసం పెద్ద క్యాపులు దొరుకుతున్నాయి, అవి కొనండి. వీటి వెనక చిన్న కథ కూడా ఉంది. ఒత్తుగా, గుబురుగా జుట్టు ఉండే నల్లజాతి ఈతగాళ్ల కోసం బ్రిటన్‌కు చెందిన సోల్ క్యాప్ అనే సంస్థ పెద్ద క్యాపులు తయారుచేసింది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ముందు అంతర్జాతీయ ఈత సమాఖ్య వాటిని పోటీల్లోకి అనుమతించలేదు. పెద్ద చర్చ జరిగింది. 2022లో అదే సమాఖ్య ఒప్పుకుంది. రూల్స్ రాతిమీద చెక్కినవి కావని, మర్యాదగా అడిగితే మారతాయని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పూల్‌కు వెళ్లే రోజు తలకు నూనె మాత్రం వద్దు. నూనె నీటిమీద తేలుతుందని మన పిల్లలకు ఒకటో తరగతిలోనే తెలుసు. జపాన్‌లో చాలా పూల్స్‌లో సన్‌స్క్రీన్, మేకప్ కూడా కడిగేసుకుని రమ్మంటారు, నగలు తీసేయమంటారు, ఒంటిమీద టాటూ కనిపిస్తే రానివ్వరు. మంగళసూత్రం తీయడం ఇష్టంలేని అమ్మలు టికెట్ కొనక ముందే కౌంటర్లో అడగడం మంచిది. నీళ్లలో దిగాక విజిల్ వేసి పైకి రమ్మంటే అదో రకం ఇబ్బంది. ఆ విజిల్‌కు ఇంకో అర్థమూ ఉంది. కొన్ని పూల్స్‌లో గంటకోసారి అందర్నీ కాసేపు బయటికి పంపిస్తారు. అది శిక్ష కాదు, విశ్రాంతి. మన పిల్లలు కంగారుపడకుండా ముందే చెప్పండి.

బట్టలు అసలు వద్దనే చోట్లు

ఇది రాయడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. అయినా అక్కడికి వెళ్లాక అవాక్కవడం కంటే ఇప్పుడే తెలియడం మేలు. ఐస్‌లాండ్‌లో పబ్లిక్ పూల్‌లోకి దిగేముందు స్విమ్ సూట్ లేకుండా, సబ్బుతో స్నానం చెయ్యాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు గదులు ఉంటాయి. ఎక్కడెక్కడ రుద్దుకోవాలో గోడమీద మనిషి బొమ్మ గీసి రంగుతో చూపిస్తారు: తల, చంకలు, తొడల మధ్య, పాదాలు. కొన్ని చోట్ల చూసే ఉద్యోగులూ ఉంటారు. ఆ నీళ్లలో క్లోరిన్ చాలా తక్కువ వేస్తారు కాబట్టి శుభ్రత బాధ్యత మనుషులమీదే పడుతుంది. చాలా పూల్స్‌లో తలుపో తెరో ఉన్న షవర్లు కూడా ఉంటాయి. సిగ్గుపడే పిల్లలకు అది అడిగి తీసుకోండి.

జర్మనీలో పూల్ పక్కనే ఆవిరిస్నానాల విభాగం ఉంటే, అక్కడ చాలావరకు స్విమ్ సూట్ నిషేధం, ఆడా మగా కలిసే ఉంటారు. పిల్లలతో కలిసి ఆ తలుపు పొరపాటున తోయకండి. జపాన్‌లో ఇంకో తమాషా. పూల్‌లో క్యాప్ లేకుండా దిగనివ్వని దేశమే, ఆన్‌సెన్ అనే వేడినీటి స్నానశాలలో మామూలుగా ఒంటిమీద నూలుపోగు ఉండనివ్వదు.

ఒళ్లంతా కప్పుకుంటానంటే

ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మా పాప ఫుల్ స్లీవ్స్ ఉంటేనే దిగుతానంటోంది మిస్, అక్కడ ఒప్పుకుంటారా?" ఆ ప్రశ్న మతానికి సంబంధించింది మాత్రమే కాదు. ఎండకు నల్లబడతాననే భయం, మచ్చలు, ఎదిగే వయసు సిగ్గు... ఏదైనా కావచ్చు. కారణం అడగకుండానే పిల్ల మాటకు విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. అమ్మ పూల్ గట్టున కూర్చుని ఫొటోలు తీస్తుండగా కూతురూ పక్కనే కూర్చుండిపోవడం కంటే, చేతులు కప్పుకునైనా నీళ్లలో ఆడుకోవడం మేలు కదా.

సింగపూర్, మలేషియాల్లో తల నుంచి పాదాల దాకా కప్పే ఈత దుస్తులు మామూలుగా కనిపిస్తాయి. అయితే అవి ఈత గుడ్డతో కుట్టినవై ఉండాలి, చుడీదార్ కాదు. దుబాయ్‌లో పూల్ దగ్గర స్విమ్ సూట్‌కు అభ్యంతరం ఉండదు కానీ అదే డ్రెస్‌తో షాపింగ్ మాల్‌లోకి నడవకూడదు. బుర్కినీ అనే నిండు స్విమ్ సూట్‌ను 2004లో ఆస్ట్రేలియాలో అహేదా జనెట్టి అనే డిజైనర్ రూపొందించారు. బట్టల వల్ల ఆటలకు దూరమవుతున్న అమ్మాయిల కోసమే ఆ ఆలోచన. జర్మనీలో ఒక ముస్లిం విద్యార్థిని, అబ్బాయిలతో కలిసి జరిగే ఈత క్లాసు నుంచి మినహాయింపు కోరితే, 2013లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒప్పుకోలేదు. బుర్కినీ వేసుకుని క్లాసుకు వెళ్లవచ్చు కదా అంది.

ఫ్రాన్స్‌లో కథ అడ్డం తిరిగింది. 2022 మేలో గ్రెనోబుల్ నగరపాలక సంస్థ బుర్కినీకి వీలు కల్పిస్తూ రూల్ మార్చింది. జూన్‌లో దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాన్ని నిలిపివేసింది. ఒక మత కోరిక కోసం అందరికీ ఉన్న రూల్‌కు మినహాయింపు ఇస్తే సమానత్వం దెబ్బతింటుందని చెప్పింది. మతంతో సంబంధం లేని పొడుగు చేతుల టాప్‌ను కూడా అక్కడ చాలా పూల్స్ అనుమతించవు. ఈ విషయంలో పిల్లలకు నిజం చెప్పాలనిపిస్తుంది. కాటన్, వదులు షార్ట్స్ వద్దనడం నీళ్లకు సంబంధించిన రూల్. శుభ్రమైన, బిగుతైన నైలాన్ చేతుల్ని కూడా కాదనడాన్ని నీళ్లు మాత్రమే వివరించలేవు. అది ఆ సమాజం తనలో తాను చేసుకుంటున్న వాదన. ప్రయాణికులుగా మనం రెంటినీ పాటిస్తాం. కానీ మొదటిది సైన్సు, రెండోది సోషల్ అని పిల్లకు తెలిస్తే, వెనక్కి పంపినా తలదించుకోదు.

అమెరికా వెళ్లే అమ్మమ్మలకు

అక్కడ అపార్టుమెంటు పూల్స్‌లో పట్టింపు తక్కువ. గేటు మీద బోర్డు మాత్రం ఉంటుంది: ఈత దుస్తులే వేసుకోవాలి, ముందు షవర్ చెయ్యాలి, చంటిపిల్లలకు స్విమ్ డైపర్ ఉండాలి. జీన్స్ కత్తిరించి చేసిన షార్ట్స్ చాలా చోట్ల వద్దంటారు. మనవడు లాగుతున్నాడు కదా అని అమ్మమ్మ చీరతో దిగడం ప్రమాదం. నీళ్లలో చీర కాళ్లకు చుట్టుకుంటుంది. మోకాళ్ల దాకా వచ్చే స్విమ్ డ్రెస్ ఒకటి తీసుకెళ్తే ఆమె కూడా ముంగాళ్ల లోతులో సరదాగా నిలబడగలదు.

ఇంట్లో చేయించండి

ఇంగ్లిష్ టీచర్‌గా నాకు పూల్ రూల్స్ పేజీ అంటే కాంప్రహెన్షన్ ప్యాసేజీయే. వెళ్లబోయే పూల్ వెబ్‌సైటు తెరిచి, మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో చదివించండి. మీరు పక్కన కూర్చోండి, అర్థం చెప్పకండి. ఏది తప్పనిసరి, ఏది సలహా మాత్రమే? "మస్ట్" ఎక్కడుంది, "షుడ్" ఎక్కడుంది? ఏ రూల్ నీళ్ల కోసం, ఏది ప్రాణరక్షణ కోసం, ఏది అక్కడి ఆచారం? వేరే భాషలో ఉంటే ఫోన్ కెమెరా అనువదిస్తుంది. అయినా ఫ్రాన్స్‌లో "ఆబ్లిగాత్వార్" అంటే తప్పనిసరి, "ఆంటెర్ది" అంటే నిషేధం, ఇటలీలో "కుఫియా" అంటే క్యాప్ అని నేర్పితే, కౌంటర్ దగ్గర మీకంటే ముందు వాళ్లే మాట్లాడతారు. ఆ తర్వాత ప్యాకింగ్ లిస్టు వాళ్లనే రాయనివ్వండి.

లిస్టులో స్విమ్ సూట్ రంగు కూడా రాయించండి. నీలం టైల్స్ ఉన్న పూల్‌లో నీలం, తెలుపు దుస్తులు నీటిలో కలిసిపోయి పిల్ల ఎక్కడుందో కనబడదు. నిగనిగలాడే నారింజ, గులాబీ రంగులు దూరం నుంచే తెలుస్తాయి. షాపులో లేత నీలం ఎంత ముద్దుగా కనిపించినా, పక్కన పెట్టి నారింజ రంగుదే తీసుకోండి.